మావయ్య పోయిన సినిమాలు

మొన్నామధ్య మోకాళ్ళ నొప్పులు చూపించుకుందామని గుంటూరులో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. డాక్టరుగారు ఆపరేషన్‌లో ఉన్నారు, ఆలస్యమవుతుంది, కూర్చోండి అన్నారు. కూర్చోవడం, లేవడం తప్ప మిగతావన్నీ బాగానే చేయగలిగిన నాలాంటి వాళ్ళతో ఆ హాలు నిండిపోయి ఉంది. గోడకి ఎత్తున టీవీ. అందులో పాత నలుపు తెలుపు సినిమా ఏదో వస్తోంది. కళ్ళజోడు తుడిచి పెట్టుకునేసరికి తెర మీద నులక మంచం, మంచం మీద పెద్దాయన, ఆయన కాళ్ళ దగ్గర హీరో, తలవైపు గుంజకి ఆనుకుని ఏడుస్తున్న భార్య. పెద్దాయన దగ్గాడు. చిన్నగా మొదలుపెట్టి, గుండెల అడుగు నుంచి తోడుకొచ్చి, ఇక ఈయనకి ఊపిరి అందదని చూసేవాళ్ళకి భయం వేసేదాకా దగ్గి, "బాబూ" అన్నాడు. చెయ్యి మంచం పట్టె మీంచి జారిపోయింది. నా పక్కనావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పకపకా నవ్వాను.

హాల్లో అందరూ నావైపు తిరిగారు. పక్కనావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏమ్మా, పెద్దాయన పోతుంటే నవ్వొస్తోందా నీకు?" అంది. "ఆయన మా మావయ్యండీ" అన్నాను. ఆ మాట అని ఉండకూడదు. ఆవిడ తన కుర్చీని కాస్త అవతలికి జరుపుకుంది. ఇంతలో నన్ను లోపలికి పిలిచారు. ఆవిడకి చెప్పలేకపోయిన సంగతంతా మీకు చెబుతాను.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. దర్శి దగ్గర పల్లెటూరు. చదువు అంతంతమాత్రంగా సాగాక, గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్లో గుమస్తాగా చేరారు. మిరపకాయల టిక్కీ బస్తాలు దింపేటప్పుడు, తూకాలు వేసేటప్పుడు లేచే ఆ ఎర్రటి దుమ్ములో కొన్నాళ్ళు గడిపిన మనిషికి దగ్గడం ఎవరూ నేర్పక్కర్లేదు. పొడి దగ్గు, తడి దగ్గు, ఆపుకోబోయి ఆపుకోలేని దగ్గు, అవతలివాళ్ళని పిలిచే దగ్గు, ఇలా ఆయన దగ్గర చాలా రకాలుండేవి. సాయంత్రాలు పరిషత్తు నాటకాలు ఆడేవారు. ఎవరికీ ఇష్టం లేని ముసలి తండ్రి వేషాలు ఈయనకి అంటగట్టేవారు. ఒకసారి పోటీల్లో ఈయన తండ్రిగా దగ్గి ప్రాణం విడిస్తే, ముందు వరసలో కూర్చున్న మద్రాసు దర్శకుడొకాయన లేచి రంగం వెనక్కి వచ్చి, ఆ ముసలాయనకి మందేమైనా ఇప్పిస్తున్నారా అని అడిగాడట. గడ్డం ఊడదీసి నిలబడ్డ ముప్ఫై చిల్లర వయసు మనిషిని చూసి, నెలలోపు కబురు పంపాడు.

మొదటి సినిమాలోనే హీరోకి తండ్రి. హీరోగారు వయసులో మావయ్య కంటే పెద్ద. షాటుకీ షాటుకీ మధ్య మావయ్య ఆయన్ని "ఏమండీ" అనేవారు, షాటులో "ఒరే నాయనా" అనేవారు. మూడో రీలుకే ఆ తండ్రి పోయాడు. ఎంత బాగా పోయాడంటే, ఆ తరవాత తెలుగులో ఏ హీరో తండ్రి పోవాల్సి వచ్చినా మావయ్యకే టెలిగ్రాం వచ్చేది. గుండె పట్టుకుని పోయారు. కోర్టులో తీర్పు విని పోయారు. కరువుకి పోయారు, వరదకి పోయారు. ఒక సినిమాలో పడవ మునిగి పోయారు. శవం దొరకలేదని చూపించడంతో, చివర్లో తిరిగొస్తాడేమోనని గుంటూరు జనం శుభం కార్డు పడ్డాక కూడా కాసేపు లేవకుండా చూశారట. రాలేదు.

దాంతో ఊళ్ళో ఆయన నడిచి వెళ్ళడమే ఒక వేడుకగా ఉండేది. కూరగాయల బజారులో ఆకుకూరలమ్మే ముసలావిడ ఆయన్ని చూసినప్పుడల్లా చెయ్యి పట్టుకుని, "బతికే ఉన్నావా నాయనా" అని కళ్ళు తుడుచుకుని, గోంగూర కట్ట ఊరికే సంచీలో పడేసేది. మిర్చి యార్డు వైపు వెళితే హమాలీలు నమస్కారానికి బదులు దగ్గేవారు. ఈయన కూడా నిలబడి దగ్గి వెళ్ళేవారు. మా అమ్మమ్మ మాత్రం కొడుకు సినిమా వస్తే బంధువుల్ని పోగేసుకుని వెళ్ళి, హాలంతా వినపడేట్టు ఏడ్చి, ఇంటర్వెల్లో సోడా తాగి, ఇక మనవాడు లేడు కదా అని సగంలోనే లేచి వచ్చేది.

ఇక్కడ మా అత్తయ్య గురించి చెప్పాలి. మావయ్య భార్య. పొడగరి, గట్టి గొంతు. మావయ్య మద్రాసులో లాడ్జి గదిలో ఉంటే, ఆవిడ పిల్లలతో బ్రాడీపేటలో కాపురం ఉండి, వారానికి రెండు మూడుసార్లు బస్సెక్కి వెళ్ళి మిరపతోట, పత్తి చేను చూసుకొచ్చేది. దేనికీ జంకే మనిషి కాదు. అలాంటి ఆవిడ ఆ మొదటి సినిమాకి పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. మావయ్య పక్కన కూర్చోవడానికి సిగ్గుపడి, బయట సోడా కొట్టు దగ్గర నిలబడ్డారట. తెర మీద ఆయన ప్రాణం పోయింది. తెర మీది భార్య గాజులు పగలగొట్టుకుని, బొట్టు చెరిపేసుకుంది. అత్తయ్య లేచింది. వరసలో అందరి కాళ్ళూ తొక్కుకుంటూ బయటికొచ్చి, సోడా తాగుతున్న మావయ్య చెయ్యి పట్టుకుని, రిక్షా ఎక్కించి ఇంటికి తీసుకుపోయింది. మీరు సినిమాలు చేసుకోండి, నన్ను మాత్రం చూడమనకండి అని ఆ రోజే చెప్పేసింది. ఆయన పోవడం కంటే, ఆయన కోసం ఎవరో ఆడమనిషి బొట్టు చెరుపుకోవడం ఆవిడ తట్టుకోలేకపోయిందని మా అమ్మ అనేది.

నేను డిగ్రీ చదవడానికి వాళ్ళింట్లో చేరేనాటికి ఈ కట్టుబాటు వచ్చి చాలా ఏళ్ళయింది. కొత్త సినిమా కుదిరిందని మావయ్య చెబితే అత్తయ్య కథ అడిగేది కాదు, హీరో ఎవరని అడిగేది కాదు. అన్నం వడ్డిస్తూ, "ఉంటారా, పోతారా?" అనేది. ఆయన కంచంలోకి చూస్తూ, "ఇంటర్వెల్ దాకా ఉంటాను" అనేవారు. వయసు మీద పడేకొద్దీ ఆయన కాస్త కాస్తగా ఎక్కువసేపు బతకసాగారు. ఒకసారి ఇంటర్వెల్ దాటి ఇంకో రెండు పాటలదాకా ఉన్నానని చెబితే ఆ రోజు పెరుగావడలు చేసింది. ఇంట్లో ఆయన దగ్గు సాధన చేయడానికి వీల్లేదు. డాబా మీదికి వెళ్ళి దగ్గుకునేవారు. పాపం ఏం తెలుసు, పక్కింటివాళ్ళు పిట్టగోడ మీంచి మిరియాల కషాయం అందించేవారు. ఈయన మర్యాదకి తాగేవారు.

పైకి ఇదంతా నవ్వులాటగా ఉండేది గాని, మావయ్యకి లోపల ఒక వెలితి ఉండేదని నాకు ఆ ఇంట్లో ఉండగానే తెలిసింది. ఏదో సాంస్కృతిక సంఘం వాళ్ళు ఆయనకి సన్మానం చేసి వెండి పూత పూసిన షీల్డు ఇచ్చారు. దాన్ని తెచ్చి అత్తయ్య చేతికిచ్చారు. షీల్డు మీద ఆయన మంచం మీద పడుకున్న బొమ్మ చెక్కి ఉంది. ఆవిడ అది చూసి, మడిచిన తువ్వాల్లో చుట్టి అటక మీద పెట్టేసింది. ఆ సాయంత్రం మావయ్య వరండాలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ నాతో అన్నారు, "ఊరంతా నన్ను చూసి ఏడ్చిందే అమ్మాయ్. నాకెదురుగా కూర్చుని అన్నం తినే మనిషికి నేనేం పని చేస్తానో తెలీదు." ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఈనెలు తీయడం మాత్రం కాసేపు ఆగింది.

ఆ ఏడు మిరపకోతల రోజుల్లో, తాడేపల్లి దాటాక కృష్ణ ఒడ్డున ఒక పల్లెలో మావయ్య సినిమా షూటింగు పెట్టారు. రైతు కుటుంబం కథ. ఇల్లు, దాని ఎదురుగా కల్లంలో ఆరబోసిన మిరపకాయలు, వెనక ఏరు, అన్నీ అక్కడే దొరికాయని దర్శకుడు ముచ్చటపడ్డాడట. మావయ్యకి హోటలు భోజనం పడక, యూనిట్ కారు రోజూ పొద్దున్నే వచ్చి మా ఇంటి నుంచి క్యారియరు తీసుకెళ్ళేది. నాకు కాలేజీ లేని రోజొకటి చూసుకుని, హీరోగారిని ఒక్కసారి దగ్గర్నుంచి చూపించమని అత్తయ్య ప్రాణం తీశాను. ఆవిడ బయటికొచ్చి డ్రైవర్ని ఇవాళ ఏం తీస్తారని అడిగింది. పెళ్ళిచూపుల సీను అన్నాడతను. మా అత్తయ్య రెండుసార్లు అడిగి నమ్మకం కుదిరాక, గుత్తివంకాయ కూర, పప్పుచారు, చెంబు నిండా మజ్జిగ సర్ది, నాతో పాటు కారెక్కింది.

మేం దిగేసరికి పెళ్ళిచూపుల జాడేమీ లేదు. పెళ్ళికూతురుగా వేసే అమ్మాయికి జ్వరమొచ్చిందట. రోజు వృథా చేయడమెందుకని దర్శకుడు తండ్రి చావు తీయడానికి సిద్ధమయ్యాడు. పెరట్లో నులక మంచం వేశారు. దాని మీద మావయ్య పడుకుని ఉన్నారు, ముక్కులో దూది ఒక్కటే తక్కువ. కారు దిగుతున్న భార్యని చూసి ఆయన ఠక్కున లేచి కూర్చున్నారు. నేను ఆయన మొహంలో అంత భయం ఏ సినిమాలోనూ చూడలేదు. అత్తయ్య మంచాన్ని చూసింది, ఆయన్ని చూసింది, వెనక్కి తిరిగింది. అప్పటికే కారు ఐసు కోసం బెజవాడ వెళ్ళిపోయింది. బస్సు సాయంత్రానికి గాని లేదు. ఇక చేసేది లేక ఆ ఇంటి వంటగదిలోకి వెళ్ళి, పెరటికి వీపు పెట్టి కూర్చుంది. నా హీరోగారు కాస్త దూరంలో గొడుగు కింద కూర్చుని ఉన్నారు. చూడ్డానికి ధైర్యం చాలక నేనూ ఆవిడ పక్కనే కూర్చున్నాను.

కాసేపటికి ఒకావిడ మంచినీళ్ళ కోసం లోపలికి వచ్చింది. పెద్ద బొట్టు, నేత చీర. మావయ్యకి ఎన్నో సినిమాల్లో భార్యగా వేసినావిడే. రిక్షా ఎక్కించిన రోజు తెర మీద గాజులు పగలగొట్టుకున్నదీ ఆవిడే. అత్తయ్య గుర్తుపట్టి మొహం తిప్పుకుంది. ఆవిడ మాత్రం నీళ్ళు తాగి, వచ్చి పక్కనే నేల మీద చతికిలపడింది.

"వదినగారూ, మీకు నా మీద కోపమని అన్నయ్యగారు చెప్పారు. నాకూ ఆ సీన్లంటే గుండెల్లో దడే. అందుకే ఇదుగో" అని రవికె అంచు కాస్త జరిపి లోపల దోపుకున్న తన సూత్రాలు చూపించింది. "ఇవి తియ్యను. షాటు అవగానే నా బొట్టు నేను పెట్టుకుని, మద్రాసులో మా ఆయనకి ఫోను చేస్తాను. ఆయనా విసుక్కుంటారనుకోండి, మళ్ళీ పోయాడా మీ అన్నయ్య అని."

అన్నయ్యగారు అన్న మాట అత్తయ్య మొహంలో ఏదో సడలించింది. ఇన్నేళ్ళుగా పగదానిలా చూసిన మనిషి వరసకి ఆడపడుచు అయి కూర్చుంది. అత్తయ్య క్యారియరు మూత తీసి, ఆకు వేసి, గుత్తివంకాయ వడ్డించింది. ఆవిడ లొట్టలు వేసుకుంటూ తిని, చెయ్యి కడుక్కుని, గుమ్మం దాకా వచ్చి ఒక్కసారి చూడండి వదినగారూ, ఎంత తేలిగ్గా లేస్తారో అని అత్తయ్యని చెయ్యి పట్టుకుని లేపింది.

అలా మా అత్తయ్య గుమ్మంలో నిలబడింది, నా మణికట్టు గట్టిగా పట్టుకుని. కెమెరా తిరిగింది. మావయ్య దగ్గారు. హీరో తల మీద చెయ్యి వేసి నాలుగు మాటలు చెప్పారు. చెయ్యి జారింది. నా మణికట్టు నలిగిపోయింది. అంతలో దర్శకుడు ఆపమన్నాడు, పైన కాకి అరిచిందట. మావయ్య లేచి కూర్చుని, మజ్జిగ చెంబు ఇలా తెమ్మని ఎవర్నో పిలిచి, గటగటా తాగి, మూతి తుడుచుకుని మళ్ళీ పడుకున్నారు. మళ్ళీ పోయారు. ఈసారి కోడిపుంజొకటి మంచం కిందికి వచ్చింది. మళ్ళీ లేచారు. ఆ తరవాత జనరేటరు ఆగింది. లేచి లైటు కుర్రాళ్ళతో ఏదో జోకు వేసి నవ్వించి, పడుకుని పోయారు. ఆయన పోయి లేచినకొద్దీ నా మణికట్టు మీద పట్టు వదులవుతూ వచ్చింది. చివరికి అత్తయ్య నా చెయ్యి వదిలేసి గుమ్మానికి ఆనుకుంది.

ఆ తరవాతి షాటు దర్శకుడికి నచ్చుతోందని అందరికీ తెలుస్తోంది. ఆయన ఎప్పుడూ నవ్వని మనిషట, యూనిట్టంతా ఆయనంటే హడలు. మావయ్య ప్రాణం పోయింది. పెరడంతా నిశ్శబ్దం. తెర భార్య ఒక్కసారి ఆయన గుండె మీద పడి గొల్లుమంది. సరిగ్గా అప్పుడు కల్లం వైపు నుంచి గాలి తిరిగింది. మిరపకాయల ఘాటు పెరట్లోకి దిగింది. చనిపోయిన మావయ్య ముక్కు పుటాలు అదిరాయి. ఆపుకోవడానికి ఆయన పడ్డ పాటు చూస్తే జాలేసింది. ఆగలేదు. గుండె మీద పడ్డావిడ ఎగిరిపడేంత గట్టిగా తుమ్మారు.

అందరూ బిగుసుకుపోయారు. ఆ నిశ్శబ్దంలో గుమ్మం దగ్గర్నుంచి మా అత్తయ్య, మిరపకాయలు ఎండబోసిన రోజుల్లో ఇంట్లో ఎవరు తుమ్మినా అనే మాటే, గట్టి గొంతుతో, ఆలోచించకుండా అనేసింది.

"నూరేళ్ళు."

ముందు నవ్వింది శవమే. ఆ తరవాత దాని మీద పడి ఏడుస్తున్నావిడ. హీరోగారు మంచం పట్టె పట్టుకుని వంగిపోయారు. దర్శకుడు రెండు చేతుల్లో మొహం దాచుకుంటే కోపమొచ్చిందనుకున్నాం, భుజాలు అదురుతుంటే తెలిసింది. అత్తయ్య నాలుక కరుచుకుని, కొంగుతో మొహం కప్పుకుని, ఆ కొంగు వెనక నవ్వి నవ్వి గుమ్మంలోనే కూలబడింది. ఆవిడ అలా నవ్వగా అంతకుముందు నేను చూడలేదు. మావయ్య మంచం మీద కూర్చుని ఆవిడనే చూస్తున్నారు. అందరూ సర్దుకుని మళ్ళీ తీయడానికి చాలాసేపు పట్టింది. ఆఖరి షాటు మాత్రం అత్తయ్య మొదట్నుంచి చివరిదాకా కళ్ళు తిప్పకుండా చూసింది.

తిరుగు ప్రయాణంలో మావయ్య కూడా మాతోనే కారులో వచ్చారు. కారు తాడేపల్లి దాటింది. అప్పుడు అత్తయ్య అడిగింది.

"ఇన్నేళ్ళూ ఇదేనా మీరు చేస్తున్నది?"

"ఇదే."

"మరి చెప్పరేం?"

"చెప్పనిచ్చావా?"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. ఆ చివర్లో చెయ్యి అలా వదిలేశారే, అది ఎలా చేస్తారు, నిజంగా పట్టు తప్పినట్టే ఉంది అంది. మావయ్య ముందుకి వంగి, తన కుడిచెయ్యి ముందు సీటు మీద పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే ఎలా వదలాలో చూపించడం మొదలుపెట్టారు. గుంటూరు వచ్చేదాకా చూపిస్తూనే ఉన్నారు.

ఆ సినిమా గుంటూరులో విడుదలైన రోజు మా ఇంట్లో పండగలా ఉంది. అత్తయ్య మళ్ళీ పట్టుచీర కట్టింది. ఈసారి మావయ్యని బయట నిలబడనివ్వలేదు, పక్కనే కూర్చోబెట్టుకుంది. ఆ సీను వచ్చింది. హాలంతా ముక్కులు చీదుకుంటున్నారు. అత్తయ్యకి ఇటువైపు కూర్చున్న పల్లెటూరి ఆవిడ ఏకంగా వెక్కిళ్ళు పెడుతోంది. అత్తయ్య ఆవిడ వీపు నిమిరి, "ఊరుకోమ్మా. ఇంకాసేపట్లో లేచి మజ్జిగ తాగుతాడు" అంది. ఆవిడ వెక్కిళ్ళు ఠక్కున ఆగిపోయాయి. అత్తయ్య మొహంలోకి చూసి, ఆ పక్కన కూర్చున్న మనిషి మొహంలోకి చూసి, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. నేను నవ్వాపుకుంటూ అత్తయ్యవైపు తిరిగాను. ఆ మాట అన్న మనిషి చెంపల మీదుగా కన్నీళ్ళు కారిపోతున్నాయి. మావయ్య తెరని చూడటం లేదు. ఆ కన్నీళ్ళని చూస్తున్నారు. ఇంటికొచ్చాక ఆవిడ చీర మార్చుకుని, అన్నం వడ్డిస్తూ, "బాగా పోయారండీ" అంది. ఆయనకి తరవాత కూడా సన్మానాలు జరిగాయి గాని, ఆ రాత్రి అన్నం తిన్నంత సంతోషంగా ఆయన ఏ వేదిక మీదా కూర్చోలేదు.

ఆపైన రెండేళ్ళు మా అత్తయ్య మావయ్యలు చేసిన పని వింటే మీరు నమ్మరు. చూడకుండా వదిలేసిన సినిమాలన్నీ చూడాలని అత్తయ్య పట్టుబట్టింది. పాత సినిమాలు ఎక్కడ ఆడితే అక్కడికి బస్సెక్కేవారు. చీరాలలో ఆయన వరదకి పోవడం చూశారు, అలాగే రెండు నేత చీరలు కొనుక్కొచ్చారు. దర్శిలో టూరింగ్ టాకీసులో కోర్టు తీర్పుకి పోవడం చూశారు. అక్కడ కరెంటు పోయి, పెట్రోమాక్సు లైటు తెస్తే, ఇప్పుడే తెర మీద పోయిన మనిషి బెంచీ మీద కూర్చుని భార్యతో కలిసి మిరపకాయ బజ్జీలు తింటూ కనపడ్డాడు. జనం సినిమా వదిలేసి ఈయన చుట్టూ మూగారు. పడవ మునిగిన సినిమా చూసొచ్చాక మాత్రం అత్తయ్య ఆ దర్శకుడిని తిట్టిపోసింది. శవం దొరకనప్పుడు చివర్లో తీసుకురావద్దూ, ఆ మాత్రం తెలివి లేదా అని. వయసులో ఉన్నప్పుడు సినిమాకి కలిసి వెళ్ళని ఆ జంట, పిల్లలు పెద్దయ్యాక చేతిసంచీలో చక్కిలాలు వేసుకుని ఊళ్ళు తిరగడం చూసి బంధువులు వింతగా చెప్పుకున్నారు.

తరవాత తరవాత రంగుల సినిమాల్లో తండ్రులు కోటు వేసుకోవడం మొదలుపెట్టాక మావయ్యకి వేషాలు తగ్గాయి. ఆయన బాధపడలేదు. మిరపతోట చూసుకుంటూ, పరిషత్తు పోటీలకి న్యాయనిర్ణేతగా వెళుతూ, ఎనభై దాటేదాకా ఆరోగ్యంగా ఉండి వెళ్ళిపోయారు. అత్తయ్య ఇప్పుడు కొడుకు, కోడలితో తాడేపల్లిలో ఉంటోంది. మునిమనవలకి ఆ సినిమాల కథలు చెప్పదు, వాటి షూటింగుల కథలు చెబుతుంది. మొన్న డాక్టరు దగ్గర్నుంచి ఫోను చేసి, ఫలానా సినిమా వస్తోందని చెబితే, తెలుసు, నేనూ అదే చూస్తున్నాను, పెట్టేసెయ్ అంది.

ఆ సినిమాలో మంచం మీద పడుకున్న ముసలాయనకి అప్పటికి నలభై నిండలేదు. లెక్కకి ఆయన ఇప్పుడు నాకంటే చాలా చిన్నవాడు, ఎదురుపడితే నేనే అక్షింతలు వేయాలి. అయినా ఆయన తెర మీద కనపడగానే నా నోటికి మావయ్యా అనే వచ్చింది, నొప్పి పెడుతున్నా కాళ్ళు ముడుచుకుని ఒద్దికగా కూర్చున్నాను. ఇన్నేళ్ళలో కాలానికి మా వయసులు తారుమారు చేయడం చేతనైంది గాని, వరసలు మార్చడం మాత్రం చేతకాలేదు.